ఊరి నడుమ ఆటస్థలం: ఫతే మైదాన్ నుంచి ఎడ్మంటన్ దాకా

చీమకుర్తి నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది ఆటస్థలాల గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ ఆటస్థలాల కింద ఉన్న నేల గురించి. రాతి గనుల ఊళ్ళో పుట్టినవాళ్ళకి నేల విలువ గురించి ఒకరు చెప్పాల్సిన పనిలేదు గదా.

ముందు ఒక విచిత్రం చెప్తాను. గత ముప్ఫై ఏళ్ళలో కెనడాలో పెద్ద నగరాలు తమ హాకీ స్టేడియాలను ఊరి నడిబొడ్డుకి తెచ్చుకోవాలని చూస్తూ వచ్చాయి. అదే ముప్ఫై ఏళ్ళలో మన తెలుగు నగరాలు తమ క్రికెట్ స్టేడియాలను ఊరి నడిబొడ్డు నుంచి బయటికి తీసుకెళ్ళాయి. వాళ్ళు లోపలికి, మనం బయటికి. ఎందుకిలా జరిగింది? ఎవరికి లాభించింది? ఈ రెండు ప్రశ్నలకి జవాబు వెతుకుదాం. ముందు మన సంగతి చూసి, తర్వాత వాళ్ళ దగ్గరికి పోదాం.

మన కథ హైదరాబాదులో మొదలవుతుంది. అసెంబ్లీకి, నిజాం కాలేజీకి, అబిడ్స్‌కి నడిచిపోయేంత దూరంలో లాల్ బహదూర్ స్టేడియం ఉంది. పాతవాళ్ళు ఇప్పటికీ ఫతే మైదాన్ అనే అంటారు. ఫతే అంటే విజయం. ఎవరి విజయం? ఔరంగజేబుది. 1687లో మొగలు సైన్యం గోల్కొండని ముట్టడించినప్పుడు ఈ మైదానంలో దిగిందని చెబుతారు. సుమారు ఎనిమిది నెలలు ముట్టడి సాగింది. చివరికి కోట పడింది, తానీషా బందీ అయ్యాడు. గెలిచినవాళ్ళు తాము విడిది చేసిన మైదానానికి విజయ మైదానం అని పేరు పెట్టుకున్నారు. ఒకసారి ఆలోచించండి, ఓడిపోయిన రాజ్యం నడిబొడ్డున గెలిచినవాడి పేరు మూడు వందల ఏళ్ళు నిలిచింది.

ఆసఫ్‌జాహీల కాలంలో అక్కడ పోలో ఆడేవారు. అంటే అది గుర్రాలున్నవాళ్ళ ఆటస్థలం. హైదరాబాద్ క్రికెట్ సంఘానికి సొంత చోటు సికింద్రాబాద్ జింఖానా మైదానం. కానీ అక్కడ వేల మంది కూర్చుని చూసే స్టేడియం లేదు. అందుకని పెద్ద మ్యాచ్‌లకు ఫతే మైదానే దిక్కయింది. 1955 నవంబరులో భారత్, న్యూజిలాండ్ టెస్టు అక్కడ జరిగింది. ఆ టెస్టులో పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడు కొట్టిన మొట్టమొదటి డబుల్ సెంచరీ అదే. ఆ తర్వాత 1969లో ఒక టెస్టు, 1988లో ఒక టెస్టు జరిగాయి. తమాషా ఏమిటంటే మూడూ న్యూజిలాండ్‌తోనే. మొదటి రెండూ డ్రా, మూడోది మనం గెలిచాం.

1966 జనవరిలో తాష్కెంట్‌లో లాల్ బహదూర్ శాస్త్రి చనిపోయారు. 1967లో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. విజేత పేరు పోయి, నిరాడంబరంగా బతికిన ఒక ప్రధానమంత్రి పేరు వచ్చింది. 1987 ప్రపంచకప్‌లో జింబాబ్వే ఆటగాడు డేవ్ హౌటన్ 142 పరుగులు చేసి న్యూజిలాండ్‌ను వణికించింది ఇక్కడే. 1999 నవంబరు 8న సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153, ఇద్దరూ కలిసి 331 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పింది కూడా ఇక్కడే. వన్డేల్లో ఆ రికార్డు 2015 దాకా చెక్కుచెదరలేదు. 2003 నవంబరులో ఆఖరి వన్డే జరిగింది. అప్పుడూ న్యూజిలాండే! ఆ తర్వాత అంతర్జాతీయ క్రికెట్ అక్కడి నుంచి లేచిపోయింది.

లేచి ఎక్కడికి పోయింది? సుమారు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉప్పల్‌కి. ఎందుకు పోయింది అంటే, లాల్ బహదూర్ స్టేడియం క్రికెట్ సంఘానిది కాదు. అది ప్రభుత్వ క్రీడా ప్రాధికార సంస్థది. సంఘం అక్కడ అద్దెకున్నవాడి లెక్క. అద్దెకున్నవాడికి సొంత ఇల్లు కావాలని ఉండటంలో తప్పేముంది? పైగా నగరం నడుమ కార్లు పెట్టుకునే జాగా లేదు. మ్యాచ్ ఉన్న రోజు బషీర్‌బాగ్, అబిడ్స్ స్తంభించిపోయేవి. ప్రభుత్వం ఉప్పల్‌లో స్థలం ఇచ్చింది. సంఘం స్టేడియం కట్టుకుంది. మొదట దానికి విశాఖ ఇండస్ట్రీస్ అనే కంపెనీ పేరు పెట్టారు. 2004 ఎన్నికల్లో ప్రభుత్వం మారాక రాజీవ్ గాంధీ పేరు వచ్చింది. 2005 నవంబరు 16న దక్షిణాఫ్రికాతో తొలి వన్డే జరిగింది. 2010 నవంబరులో తొలి టెస్టు. ఎవరితో అనుకున్నారు? మళ్ళీ న్యూజిలాండే.

ఇక్కడొక విషయం గమనించండి. ఆట 2005లో ఉప్పల్ చేరింది. మెట్రో రైలు అక్కడికి చేరింది 2017 నవంబరు చివర్లో. ఈ పన్నెండేళ్ళూ మెహదీపట్నం నుంచో, కూకట్‌పల్లి నుంచో మ్యాచ్‌కి పోయే పిల్లవాడు బస్సులు మారుతూ పోవాల్సిందే, రాత్రి మ్యాచ్ అయితే తిరిగొచ్చేందుకు ఆటోవాడు అడిగినంత ఇవ్వాల్సిందే. స్టేడియం బయటికి పోయినప్పుడు దూరం అందరికీ సమానంగా పెరగదు. సొంత కారున్నవాడికి కొంచెం పెరుగుతుంది, లేనివాడికి చాలా పెరుగుతుంది.

విశాఖపట్నంలోనూ ఇదే కథ. 1988 నుంచి 2001 దాకా వన్డేలు నగరం లోపలున్న ఇందిరా ప్రియదర్శిని మున్సిపల్ స్టేడియంలో జరిగాయి. 1996 ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియా, కెన్యా మ్యాచ్ అక్కడిదే. తర్వాత మధురవాడ దగ్గర, పోతినమల్లయ్యపాలెంలో కొత్త స్టేడియం కట్టారు. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టింది ఆ స్టేడియంలోనే. ఆ ఇన్నింగ్స్‌తో దేశమంతా జులపాల జుట్టు కుర్రాడి పేరు తెలిసింది. ఇక విజయవాడకొస్తే, బందరు రోడ్డు మీదున్న ఇందిరా గాంధీ మున్సిపల్ స్టేడియంలో 2002 నవంబరులో వెస్టిండీస్‌తో ఒక వన్డే జరిగింది. ఆ తర్వాత ఆంధ్రా క్రికెట్ సంఘం ఊరి బయట మూలపాడులో మైదానాలు తయారుచేసుకుంది, మంగళగిరిలో స్టేడియం తలపెట్టింది.

సరే, ఇప్పుడు సముద్రం దాటి కెనడా పోదాం. అక్కడ హాకీ అంటే మన ధ్యాన్‌చంద్ హాకీ కాదు, మంచు మీద ఆడే ఐస్ హాకీ. చలికాలంలో బయట మైనస్ ఇరవై, మైనస్ ముప్ఫై ఉండే ఊళ్ళు అవి. కాబట్టి స్టేడియం అంటే పైకప్పున్న పెద్ద భవనం, దాన్ని అరీనా అంటారు. పదిహేను వేల నుంచి ఇరవై వేల మంది పడతారు. మన దగ్గర ఒక నగరానికి ఏడాదికి ఒకటో రెండో అంతర్జాతీయ మ్యాచ్‌లు, ఐపీఎల్ జట్టుంటే ఇంకో ఏడు వస్తాయి. వాళ్ళకి నేషనల్ హాకీ లీగ్‌లో సొంత ఊళ్ళోనే నలభైకి పైగా మ్యాచ్‌లుంటాయి. అందుకే అరీనా ఎక్కడుందనేది వాళ్ళకి రోజువారీ బతుకులో విషయం.

వాళ్ళు లోపలికి రావాలని ఎందుకనుకున్నారు? ఎందుకంటే వాళ్ళ నడిబొడ్డు ఖాళీ అయిపోయింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జనం కార్లు కొనుక్కుని ఊరి చుట్టూ కొత్త కాలనీలకి పోయారు. వాళ్ళ వెంట పెద్ద పెద్ద షాపింగ్ మాల్స్ కూడా పోయాయి. సాయంత్రం అయిదింటికి ఆఫీసులు మూస్తే డౌన్‌టౌన్ బోసిపోయేది. మన అబిడ్స్‌లో, గుంటూరు శంకర్ విలాస్ సెంటర్లో సాయంత్రం అయిదింటికి ఉండే రద్దీ చూసినవాళ్ళకి అది ఊహకు కూడా అందదు.

విన్నిపెగ్ చూడండి. ఆ ఊళ్ళో పోర్టేజ్ అవెన్యూ మీద 1905లో కట్టిన ఈటన్స్ అనే పెద్ద దుకాణం ఉండేది. మూడు తరాలు పండక్కి బట్టలు కొన్నది అక్కడే. 1999లో ఆ కంపెనీ దివాలా తీసింది. భవనాన్ని కూల్చొద్దని ఊళ్ళోవాళ్ళు కొందరు ఉద్యమం చేశారు. అయినా కూల్చేశారు. 2004లో అదే స్థలంలో అరీనా తెరిచారు. అప్పటికి ఆ ఊరికి నేషనల్ హాకీ లీగ్ జట్టు లేదు. 1996లోనే జెట్స్ జట్టు అమెరికాలోని ఫీనిక్స్‌కి వెళ్ళిపోయింది. 2011లో అట్లాంటా జట్టు ఇక్కడికి వచ్చాకే జెట్స్ పేరు మళ్ళీ బతికింది. అరీనా ముందు, జట్టు తర్వాత అన్నమాట.

ఒట్టావాది దీనికి తిరగబడ్డ కథ. దేశ రాజధాని అది. 1996లో అక్కడి సెనేటర్స్ జట్టుకి ఊరి బయట కనాటాలో, పొలాల నడుమ అరీనా కట్టారు. మన ఉప్పల్ లాగే అనుకోండి. 2003లో జట్టు దివాలా తీస్తే కొత్త యజమాని కొన్నాడు. ఊరి నడుమకి వద్దామని ఆ తర్వాతి కాలంలో మళ్ళీ మళ్ళీ ప్రయత్నాలు జరిగాయి. వాళ్ళు కన్నేసిన చోటు లెబ్రెటన్ ఫ్లాట్స్. ఈ చోటు గురించి ఆగి ఒక మాట చెప్పాలి. అక్కడ ఒకప్పుడు కూలీనాలీ చేసుకునే జనం ఉండేవారు. 1962లో ప్రభుత్వం ఆ స్థలమంతా తీసుకుంది, ఇళ్ళు పడగొట్టింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఆ నేలలో చాలా భాగం ఊరికే పడుంది. ప్రజల అవసరం కోసం అని చెప్పి ఖాళీ చేయించిన నేల మీద, అరవై ఏళ్ళ తర్వాత హాకీ అరీనా గురించి బేరాలు నడిచాయి. భూసేకరణ అనే మాట విన్న ఏ తెలుగువాడికైనా ఈ కథ కొత్తగా అనిపించదు.

ఇంక ఎడ్మంటన్. అక్కడ ఆయిలర్స్ జట్టు 1974లో తెరిచిన పాత కొలీజియంలో ఆడేది. యజమాని డారిల్ కాట్జ్ డౌన్‌టౌన్‌లో కొత్తది కావాలన్నాడు. నగర పాలక సంస్థతో బేరం కుదరలేదు. 2012 సెప్టెంబరులో ఆయన అమెరికాలోని సియాటిల్ నగరానికి వెళ్ళి అక్కడివాళ్ళతో మాట్లాడాడు. అంటే మీరు కట్టకపోతే జట్టును ఎత్తుకుపోతా అని చెప్పకనే చెప్పినట్టు. ఊళ్ళో జనానికి ఒళ్ళు మండింది. చివరికి ఆయన పత్రికల్లో ప్రకటన వేయించి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అయినా 2013లో ఒప్పందం కుదిరింది. 2016 సెప్టెంబరులో రోజర్స్ ప్లేస్ తెరుచుకుంది. దాని చుట్టూ ఐస్ డిస్ట్రిక్ట్ పేరుతో భవనాలు లేచాయి. అందులో ఒకటి 66 అంతస్తులది.

డబ్బు ఎక్కడిది? ఇదే అసలు కిటుకు. అరీనాకి అయిన ఖర్చు సుమారు 48 కోట్ల కెనడా డాలర్లు. అందులో పెద్ద వాటా నగరం భరించింది. అందులో కొంత ఎలా తెచ్చారంటే, అరీనా వస్తే చుట్టుపక్కల స్థలాల విలువ పెరుగుతుంది, విలువ పెరిగితే ఆస్తి పన్ను పెరుగుతుంది, ఆ పెరిగే పన్నుతో అప్పు తీరుద్దాం అన్నారు. పంట ఇంకా వేయకముందే దాని దిగుబడి మీద అప్పు తెచ్చినట్టు. మిర్చి వేసిన రైతుకి ఈ లెక్క బాగా తెలుసు. పండితే సరే, రేటు పడిపోతే?

క్యుబెక్ నగరంలో సరిగ్గా అదే జరిగింది. అక్కడి నార్డిక్స్ జట్టు 1995లో అమెరికాలోని డెన్వర్‌కి పోయింది. పోయిన మరుసటి ఏడే స్టాన్లీ కప్ గెలిచింది, అది ఆ ఊరివాళ్ళ పుండు మీద కారం. జట్టును మళ్ళీ రప్పించుకోవాలని నగరం, రాష్ట్ర ప్రభుత్వం కలిసి సుమారు 37 కోట్ల డాలర్లతో కొత్త అరీనా కట్టాయి. 2015 సెప్టెంబరులో తెరిచారు. పదేళ్ళు దాటినా నేషనల్ హాకీ లీగ్ జట్టు మాత్రం రాలేదు. ఇల్లు కట్టి పెళ్ళిచూపులకి ఎదురుచూస్తూ కూర్చున్నట్టుంది వాళ్ళ పరిస్థితి.

అరీనా వస్తే ఊరు బాగుపడుతుంది అనే మాటని చాలామంది ఆర్థికవేత్తలు ఒప్పుకోరు. వాళ్ళు చెప్పే కారణం సులువైనది. ఒక కుటుంబం నెలకి వినోదం కోసం ఇంత అని పెట్టుకుంటుంది. ఆ డబ్బు హాకీకి పోతే సినిమాకి పోదు, హోటల్‌కి పోదు. ఊళ్ళో మొత్తం డబ్బు పెరగదు, ఒక బజారు నుంచి ఇంకో బజారుకి మారుతుంది, అంతే. పెరిగేది ఏదైనా ఉంటే అరీనా పక్క స్థలాల రేటు. ఆ స్థలాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో వాళ్ళే బాగుపడతారు.

ఇప్పుడు రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం. వాళ్ళు లోపలికి వచ్చారు, మనం బయటికి పోయాం. దిక్కులు వేరు. కానీ రెండు చోట్లా ఆటతో పాటు నేల చేతులు మారింది, రెండు చోట్లా ప్రజల ఆస్తో, ప్రజల డబ్బో అందులో కలిసింది. కాబట్టి లోపలా బయటా అనేది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఏమిటంటే, ఆ నేల ఎవరిది? ఆట లేని రోజు ఆ గేటు ఎవరికి తెరుచుకుంటుంది?

దీనికి టొరంటో నుంచి ఒక జవాబు, హైదరాబాద్ నుంచి ఒక జవాబు ఉన్నాయి. టొరంటోలో మేపుల్ లీఫ్ గార్డెన్స్ అనే పేరున్న అరీనాని 1931లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఆరు నెలలైనా పట్టకుండా కట్టారు. 1999లో జట్టు కొత్త అరీనాకి మారింది. పాతది ప్రైవేటు ఆస్తి కాబట్టి అమ్ముడుపోయింది. ఇప్పుడు దాని కింది అంతస్తులో కిరాణా సూపర్ మార్కెట్ ఉంది, పైన ఒక విశ్వవిద్యాలయం పిల్లలు ఆడుకునే చోటుంది. ఆ మాత్రం మిగలడం కూడా అదృష్టమే అనుకోవాలి.

హైదరాబాద్‌లో ఏం జరిగింది? క్రికెట్ పోయింది గానీ లాల్ బహదూర్ స్టేడియం పోలేదు. 2005 ఫిబ్రవరిలో సానియా మీర్జా ఆ ఆవరణలోని టెన్నిస్ కోర్టులోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది. ఏ భారతీయ మహిళా అంతకుముందు గెలవని టైటిల్ అది. బతుకమ్మ ఆడటానికి వేల మంది ఆడవాళ్ళు వచ్చింది అక్కడికే. ఇంకా పెద్ద సంగతి చెప్తాను. 1983 జనవరి 9న ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది ఆ స్టేడియంలో. పార్టీ పెట్టి తొమ్మిది నెలలు, రాజ్‌భవన్ నాలుగు గోడల మధ్య కాకుండా జనం మధ్య ప్రమాణం. 2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి గారు ప్రమాణం చేసి, ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టిందీ అక్కడే. 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి గారి ప్రమాణమూ అక్కడే. విజయవాడలో చూస్తే, ఒకే ఒక్క పురుషుల వన్డే జరిగిన ఆ మున్సిపల్ స్టేడియంలో 2019 మే 30న జగన్మోహన్ రెడ్డి గారు ప్రమాణం చేశారు.

పార్టీలు వేరు, కాలాలు వేరు. కానీ జనాన్ని పిలవాలనుకున్న ఈ సందర్భాల్లో నాయకులకి ఊరి నడుమ మైదానమే కనబడింది. ఎందుకంటే బస్సు దిగి నడిచి రాగలిగే చోటు అదే. రాజధానిలో ఒక మైదానం ఉండటం ఆటకి ఎంత అవసరమో, ప్రజాస్వామ్యానికి అంతకన్నా ఎక్కువ అవసరం. ఔరంగజేబు సైనికుల విడిది, గుర్రాలవాళ్ళ పోలో, టికెట్ కొన్నవాళ్ళ క్రికెట్ దాటుకుని అది చివరికి అందరి చోటు అయింది. ఇది ఎవరూ ప్రణాళిక వేసి చేసింది కాదు. నేల ప్రభుత్వం చేతిలో ఉంది కాబట్టి, అమ్మలేదు కాబట్టి సాధ్యమయింది.

ఇదంతా చీమకుర్తిలో కూర్చుని మనకెందుకు అంటారా? కారణం ఉంది. అమరావతి తొలి ప్రణాళికలో తొమ్మిది నగరాలు రాశారు, అందులో ఒకటి క్రీడా నగరం. రేపు పెద్ద స్టేడియాలు వస్తాయి, రానీయండి. కానీ గుంటూరులో బ్రహ్మానందరెడ్డి స్టేడియం ఉంది, ఒంగోలులో మినీ స్టేడియం ఉంది. కొత్తది వచ్చింది కదా అని పాతదాన్ని పాడుబెట్టడం, తర్వాత పాడుబడింది కదా అని అందులో కాంప్లెక్స్ కట్టడం మనం చాలా చోట్ల చూస్తున్నదే. మన చీమకుర్తి చుట్టూ ఎకరం నేల కింద ఏ రాయి ఉందో లెక్కగట్టేవాళ్ళున్నారు. నల్లటి రాతిలో రాగిరంగు చుక్కలు మెరిసే మన గెలాక్సీ గ్రానైట్ దేశదేశాల వంటగదుల్లోకి పోతోంది. అదే ఊళ్ళో పిల్లలు పరిగెత్తడానికి హైస్కూలు గ్రౌండు తప్ప ఏముంది? ఆ గ్రౌండు కింద రాయి లేదు కాబట్టి బతికిందా, లేక అది బడిది కాబట్టి బతికిందా?

కాబట్టి మీ ఊళ్ళో ఎవరైనా కొత్త స్టేడియం కడతామని మైకులో చెప్పినప్పుడు చప్పట్లు కొట్టండి, కొట్టాక మూడు మాటలు అడగండి. నేల ఎవరి పేరు మీద ఉంటుంది? బస్సు అక్కడికి ఎప్పుడు వస్తుంది? మ్యాచ్ లేని రోజు పొద్దున ఆరింటికి గేటు తెరుస్తారా? ఎడ్మంటన్ వాళ్ళు మొదటిది గట్టిగా అడిగారు, భవనమైనా నగరం పేరు మీద ఉంచుకోగలిగారు. క్యుబెక్ వాళ్ళకి భవనం దక్కింది గానీ జట్టు దక్కలేదు. మనం అడిగామా లేదా అన్నది మన పిల్లలకి తెలుస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. సెలవు.